బుట్టబంతి వెనుక నాలుగు జిల్లాలు

నాందేడుకు వచ్చిన చుట్టాలకు ఏవేవి చూపించాలో ఈ ఊళ్ళో కాపురమున్న ప్రతి తెలుగు కుటుంబానికీ కంఠస్థమే. మొదటిరోజు హుజూర్ సాహెబు గురుద్వారా. 1708లో గురు గోవింద సింగు దేహం చాలించిన చోటు. అక్కడ మహారాజు రణజిత్ సింగు 1832 నుంచి 1837 వరకు కట్టించిన మందిరం. ఆ తరువాత గోదావరి ఘాట్లు. రెండవరోజు రైలెక్కి బాసరకు పోయి సరస్వతీ దర్శనం. అంతటితో చుట్టాల ముచ్చటా తీరుతుంది, మన బాధ్యతా తీరుతుంది. నేను మాత్రం, వచ్చిన చుట్టం వానలు వెనుకబట్టే రోజుల్లో వచ్చాడంటే, మూడవ చోటు ఒకటి చూపించకుండా పంపను. అది ఒక సిమెంటు గచ్చు. పొడుగు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రెండు చివరలా రెండు బోర్డులు, వాటికి పది అడుగుల ఎత్తున రెండు ఇనుప రింగులు. వాటికి వలలు ఒక్కొక్క ఏడు ఉంటాయి, ఒక్కొక్క ఏడు ఉండవు.

"ఇందులో చూడవలసినదేమున్నది, బావా?" అని కరీంనగరు నుంచి వచ్చిన మా బావమరిది ఒకసారి అడిగాడు. "కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. గంటన్నర తరువాత నాకంటె గట్టిగా అరుస్తున్నాడు.

కళాశాలల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీలు నాకు చాలా ఏళ్ళుగా పట్టుకున్న పిచ్చి. బుట్టబంతి అంటే కొందరు నవ్వుతారు గాని, ఆ పేరులో అబద్ధమేమీ లేదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు ఊళ్ళో జేమ్స్ నెయిస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆట కనిపెట్టినప్పుడు నిజంగానే రెండు పండ్లబుట్టలు తెచ్చి పైన కొట్టించాడు. మంచు కురిసే రోజుల్లో బయటకు పోలేక గోలచేస్తున్న కుర్రవాళ్ళకు నాలుగు గోడల మధ్య ఏదైనా పని చూపించాలని ఆయన ఆలోచన. ఆ ఆట వై.ఎం.సి.ఎ. వారి చేతులమీదుగా మన దేశానికి వచ్చింది. హెచ్. సి. బక్ మద్రాసులో 1920లో స్థాపించిన వ్యాయామ కళాశాలలో తయారైన మేష్టర్లు దానిని ఊరూరా నాటారు. 1934 నాటికి జాతీయ పోటీలు మొదలయ్యాయి. వచ్చేటప్పుడు ఆ నాలుగు గోడలూ ఎక్కడో దారిలో పడిపోయినట్టున్నాయి. మరాఠ్వాడాలో నేను చూసిన ఆటలలో ఎక్కువ భాగం ఆకాశం కిందనే. మంచు బాధ లేదు నిజమే. వాన బాధ ఉన్నది. మధ్యాహ్నం ఒక జల్లు పడిందంటే ఆడవలసిన పిల్లలే చీపుళ్ళూ గోనెసంచులూ పట్టుకుని గచ్చు తుడుచుకోవాలి. తుడవడం అయ్యేసరికి సగం అలసట అయిపోతుంది.

ఇది కబడ్డీ దేశం, ఖోఖో దేశం. ఖోఖోకు నియమాలు రాసే పని 1914లో పూనాలోని దక్కన్ జింఖానాలో మొదలయింది. ఆ రెండు ఆటలకూ కావలసింది మట్టి ఒక్కటే. చెప్పులు కూడా అక్కరలేదు. బాస్కెట్‌బాలుకు గచ్చు కావాలి, బోర్డులు కావాలి, జారని బూట్లు కావాలి. అందువల్ల వందలకొద్దీ కళాశాలలున్న విశ్వవిద్యాలయంలోనూ ఈ ఆటకు జట్టు దింపేవి వేళ్ళమీద లెక్కకు వస్తాయి. నాబోటివాడికి అదే సుఖం. నాలుగేళ్ళు వరుసగా చూస్తే ప్రతి ముఖమూ తెలిసిపోతుంది. ఫలానా పిల్లవాడు ఎడమచేతితోనే వేస్తాడు, ఫలానా పిల్ల నిరుడు మోకాలు దెబ్బతిని కూర్చున్నది, ఈ ఏడు వచ్చిందా లేదా, ఇవన్నీ ఇంటి విషయాల వంటివే అయిపోతాయి.

విశ్వవిద్యాలయమంటే మనకు స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం. ఊరికి దక్షిణాన విష్ణుపురిలో ఉన్నది. ఆ పేరు తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నడిపిన ఆ సన్యాసి 1903లో కన్నడ దేశంలో పుట్టి, మరాఠీ దేశంలో బడిపంతులుగా పనిచేసి, తెలుగు దేశంలో శిష్యులను సంపాదించుకుని 1972లో కాలధర్మం చెందాడు. మన పి. వి. నరసింహారావుగారు ఆయన శిష్యులలో ఒకరు. 1994 సెప్టెంబరు 17న ఆయన పేరిట ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1948లో నిజాము రాజ్యం మనదేశంలో కలిసిన తేదీ కూడా అదే గదా. నాందేడు, లాతూరు, పర్భణి, హింగోలి, ఈ నాలుగు జిల్లాల కళాశాలలు దాని కిందివి.

అంతకు పూర్వం మాట వేరు. 1950లో నాందేడులో పీపుల్స్ కాలేజీ పెట్టిననాడు ఈ ప్రాంతమంతా హైదరాబాదు రాష్ట్రమే. 1958లో ఔరంగాబాదులో, ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగరం అంటున్నారు, వేరే విశ్వవిద్యాలయం వెలిసేదాకా ఇక్కడి విద్యార్థి పరీక్ష కోసం ఉస్మానియా వైపే చూసేవాడు. 1956 నవంబరులో గీత గీశారు. చదువు ఒక దిక్కుకు తిరిగింది. రైలు మాత్రం తిరగలేదు. నాందేడు స్టేషను నేటికీ సికింద్రాబాదు కేంద్రమైన దక్షిణ మధ్య రైల్వేలోనే ఉన్నది. మన ఇళ్ళలో మాటా తిరగలేదు. ఈ గీత సంగతి ఆటలోకి కూడా వస్తుంది, కొంచెం ఆగి చెబుతాను.

పోటీ ఒక ఏడు ఒక కళాశాల పెట్టుకుంటే మరొక ఏడు మరొకటి పెట్టుకుంటుంది. ఎక్కడ పెడితే అక్కడికి మన యాత్ర. పర్భణికి అయితే రైలు. దారిలో పూర్ణా జంక్షను. అక్కడ బండి ఆగిన కాసేపట్లో ప్లాట్‌ఫారం మీద రెండు తెలుగు మాటలైనా చెవిన పడకుండా ఉండవు, రైల్వే కొలువుల్లో వచ్చి స్థిరపడిన మనవాళ్ళు అక్కడ ఉన్నారు గనుక. లాతూరుకైతే ఎస్.టి. బస్సు. లోహా, అహ్మదుపూరు మీదుగా నడుము విరిగే దారి. దారిలో తినవలసింది సుశీలా. పేరు చూసి ఎవరో అమ్మాయి అనుకోకండి. నానబెట్టిన మరమరాలకు పోపు వేసి, పప్పులపొడి చల్లి పెట్టే ఫలహారం. అనంతపురం వైపువారు ఉగ్గాని అనుకుని తినవచ్చు. కాకపోతే పక్కన బజ్జీ ఉండదు, ఆ లోటు లోటే.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది దెగ్లూరు దారి. నాయగావు దాటిన తరువాత రోడ్డుపక్క బోర్డులన్నీ మరాఠీలోనే ఉంటాయి, బస్సులో మాటలు మాత్రం మెల్లమెల్లగా తెలుగులోకి జారతాయి. టిక్కెట్టు మరాఠీలో అడిగినవాడు చిల్లర తెలుగులో లెక్కపెట్టుకుంటాడు. దెగ్లూరు దాటితే మద్నూరు, అది తెలంగాణ. ఆ ఊళ్ళో మ్యాచి జరిగితే కేకలు రెండు భాషల్లో వస్తాయి. "చలా, చలా" అని ఒకవైపు, "ఎయ్యి, ఎయ్యి" అని ఇంకొకవైపు. పిల్లలు నన్ను కాకా అని పిలుస్తారు. మరాఠీ పిల్లలకూ పినతండ్రి కాకాయే, తెలంగాణ పిల్లలకూ కాకాయే. కనుక పిలిచినవాడి ఇంటిభాష ఏదో ఆ పిలుపునుబట్టి చెప్పలేము. నాకు చెప్పవలసిన అవసరమూ కనపడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ పోటీ ఎన్నాళ్ళు? రెండురోజులు, మూడురోజులు. ఓడినవాడు ఇంటికి పోవడం పద్ధతి. మ్యాచికి పదేసి నిమిషాల పాళ్ళు నాలుగు, మొత్తం నలభై నిమిషాలు. సంవత్సరమంతా తెల్లవారుజామున లేచి పరుగెత్తినవాడు, తల్లి దాచిన డబ్బుతో బూట్లు కొనుక్కున్నవాడు, మొదటి ఆటలోనే గట్టిజట్టు ఎదురయితే ఆ నలభై నిమిషాలతో ఆ ఏడు అయిపోయినట్టే. చీటీ తీసేటప్పుడు చెయ్యి కొంచెం అటు పడితే రెండు ఆటలు ఆడేవాడు. ఇటు పడింది, ఒకటే ఆడాడు. అన్ని జట్లలోనూ మెరిసిన పన్నెండుమందిని ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. వారు పశ్చిమ మండలపు పోటీకి పోతారు. తక్కినవారు బూట్లు విప్పి సంచిలో పెట్టుకుంటారు.

దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు అమెరికాలోని చిన్న కళాశాలల ఏర్పాటు గుర్తుకు వస్తుంది. అమెరికా అనగానే లక్షల డాలర్ల ఆటగాళ్ళనుకోకండి. ఈ ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డుకు ఉత్తరాన కొద్ది మైళ్ళలో ఆమ్‌హెర్స్ట్ అనే చిన్న కళాశాల ఉన్నది. విలియమ్స్, బోడిన్, మిడిల్‌బరీ వంటి పదకొండు కళాశాలలతో ఒక కూటమి, 1971లో కట్టుకున్నది. వాటిలో ఆటగాడికి ఆట పేరిట విద్యార్థివేతనం ఒక్క డాలరు కూడా ఇవ్వరు. ఆ తరగతి కళాశాలల నియమమే అది. మన పిల్లల మాదిరిగానే చదువుకుంటూ ఆడేవారు. అయితే కూటమిలో ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడి తీరాలి. నవంబరులో మొదలుపెడితే ఫిబ్రవరి దాకా ఆటలే. ఒక ఆట ఓడితే ఏడుస్తారు, వారం తరువాత మళ్ళీ ఆడతారు. అభిమాని కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారం వారం గొంతు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకోగలడు. ఆమ్‌హెర్స్ట్ ఆడపిల్లలు 2017లోను, మళ్ళీ 2018లోను తమ తరగతిలో దేశానికంతటికీ విజేతలయ్యారు. రెండేళ్ళూ ఒక్క ఆట ఓడలేదు. ఏడాదికి 33 ఆటలు, 33 గెలుపులు. గెలుపు మాట అటుంచండి. ముప్పైమూడు ఆటలు!

డబ్బున్న దేశంతో పోలిక ఎందుకని ఎవరైనా అంటారు. డబ్బు కొంత నిజమే. కాని నాందేడు ఊళ్ళోనే పీపుల్స్ కాలేజీ ఉన్నది, 1963 నాటి యశవంత్ మహావిద్యాలయం ఉన్నది, అదే ఏటి సైన్సు కాలేజీ ఉన్నది, విష్ణుపురిలో 1981 నాటి గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ఊళ్ళో ఊళ్ళోవారు వారానికొక సాయంత్రం ఒకరితో ఒకరు ఆడుకోవడానికి షేర్ ఆటో కిరాయి తప్ప పెద్ద ఖర్చేమిటో నాకు తెలియదు. ఒక విజిలు, ఒక గడియారం, స్కోరు రాయడానికి ఒక మనిషి. ఆ మూడవది నేను ఉచితంగా ఇస్తాను.

గీత సంగతి చెబుతానన్నాను. నిజామాబాదు ఇక్కడికి రైలులో రెండు మూడు గంటల దారి. అక్కడ డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇక్కడి గోదావరి నీళ్ళే బాసర మీదుగా అటు పోతాయి; ఇక్కడి పద్మశాలీల మేనత్తలూ మేనమామలూ అక్కడే ఉంటారు. కాని అంతర విశ్వవిద్యాలయ పోటీలకు దేశాన్ని నాలుగు మండలాలు చేశారు. మహారాష్ట్ర పశ్చిమ మండలం, తెలంగాణ దక్షిణ మండలం. కనుక నాందేడు జట్టు రాజస్థానుతో ఆడవచ్చు, గుజరాతుతో ఆడవచ్చు, నిజామాబాదుతో ఆడాలంటే ముందు రెండు జట్లూ తమ తమ మండలాలలో మొదటి నాలుగింట నిలిచి అఖిల భారత పోటీకి పోవాలి. మా పెళ్ళిళ్ళకు అడ్డురాని గీత పిల్లల ఆటకు అడ్డువచ్చింది. స్నేహపూర్వకంగా ఏడాదికొక మ్యాచి పెట్టుకోవడానికి ఎవరి ఆజ్ఞా అక్కరలేదనుకుంటాను. మన సంఘాలవారు సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడుతున్నారు, ఎంతో బాగున్నవి. పక్కన ఒక గచ్చు కూడా చూసుకుంటే బాగుండును.

ఇక నా పుస్తకం సంగతి. ఈ మ్యాచీల వివరాలు పత్రికలలో రావు. వస్తే మరాఠీ దినపత్రిక లోపలిపుటలో ఫలానా కళాశాల గెలిచిందని రెండు పంక్తులు. ఎవరు ఎన్ని వేశారో ఉండదు. స్కోరుకాగితం ఏ బీరువాలోకి పోతుందో, తరువాత ఏమవుతుందో ఎవరూ అడగరు. అందుచేత నేనే ఒక లెక్కల పుస్తకం కొని రాయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో పాలలెక్క రాసే రకం పుస్తకమే. ఎడమవైపు పేరు, ఎదురుగా గీతలు. దగ్గరినుంచి వేస్తే రెండు, 6.75 మీటర్ల గీత అవతలినుంచి వేస్తే మూడు, ఫ్రీ త్రో అయితే ఒకటి. ఫౌలుకు సున్న. పేర్లు తెలుగులోనే రాస్తాను. త్వరగా రాయడానికి నాకు వచ్చిన లిపి అదే.

ఆ పుస్తకంలో మూడేళ్ళుగా ఒక పేరు ఉన్నది. ఆ పేరు ఇక్కడ చెప్పను, చెబితే వాళ్ళ అమ్మ సిగ్గుపడుతుంది. మనవాళ్ళ పిల్లే. తాత మూతబడిన ఉస్మాన్‌షాహీ మిల్లులో మగ్గం మీద పనిచేసినవాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. పొడగరి కాదు. పొడుగు పిల్లల చేతులకింద నుంచి దూరిపోయి, బోర్డుకు తగిలించి బంతిని రింగులో పడేస్తుంది. మొదటి ఏడు చూసినప్పుడు అదృష్టం అనుకున్నాను. రెండవ ఏడు అదే పని ఒకే మ్యాచిలో ఆరుసార్లు చేసింది. అప్పటినుంచి ఆ జట్టు ఎక్కడ ఆడితే నేను అక్కడ.

ఈసారి మూడవ ఏడు, అంటే ఆఖరు. డిగ్రీ అయిన తరువాత ఏమిటని నేను అడగలేదు. అడక్కుండానే వాళ్ళ అమ్మ చెప్పింది: సోలాపురం సంబంధం ఒకటి అనుకుంటున్నారు. విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికయితే సంగతి వేరుగా ఉండవచ్చునని ఆ పిల్ల ఆశ. జాతీయ పోటీలలో రైల్వే ఆడవారి జట్టు ఎంతటిదో అందరికీ తెలుసు. ఆటమీద రైల్వేలో ఉద్యోగం వచ్చినవారు ఉన్నారు. వాళ్ళ నాన్న "ముందు ఎంపిక కానీ, తరువాత చూద్దాం" అన్నాడు. కాదనలేదు గనుక అవునన్నట్టేనని తల్లీకూతుళ్ళు లెక్కవేసుకున్నారు.

సెమీఫైనలు లాతూరులో. మొదటి రెండు పాళ్ళూ మనవాళ్ళదే పైచేయి. మూడవ పాలులో జల్లు పడింది. అరగంట ఆగారు. మళ్ళీ మొదలయ్యేసరికి పిల్లల కాళ్ళు బిగుసుకుపోయాయి. లాతూరు పిల్లలు పొడగరులు, తడిగచ్చు మీద పరుగెత్తనక్కరలేదు వాళ్ళకు, చెయ్యెత్తితే చాలు. మరి రెండు నిమిషాలున్నదనగా ఈ పిల్లకు అయిదవ ఫౌలు పడింది. అయిదు అయితే బయటకు పోవాలి. రిఫరీ తప్పుచేశాడని మావైపువారు గొడవపడ్డారు గాని, నేను దగ్గరే ఉన్నాను, ఫౌలు ఫౌలే. తువ్వాలు నెత్తిన వేసుకుని బెంచీమీద కూర్చున్నది. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఎంపిక జాబితా సాయంత్రానికి వచ్చింది. అందులో ఆ పేరు లేదు. అదనపు ఆటగత్తెల వరుసలో ఉన్నది, రెండవ పేరుగా.

బస్సుస్టాండులో నాందేడు బండి కోసం కూర్చున్నాము. చాయ్ తాగారు పిల్లలు, ఒకరిద్దరు నవ్వడం కూడా మొదలుపెట్టారు. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని "కాకా, మీ బుక్కు ఒక్కసారి ఇస్తారా?" అన్నది. ఇచ్చాను. తిప్పింది. పేరు తెలుగులో ఉన్నది, చదవలేదు. చదవడం రాదు పాపం. వేలు పెట్టి చూపించాను. ఇది మొదటి ఏడు, ఇది రెండవది, ఇది ఈ మధ్యాహ్నానిది.

"అంతా కలిపితే ఎన్నయినయ్?"

కలిపాను. మూడేళ్ళలో 11 ఆటలు. 143 పాయింట్లు. అడుగున రాసి గీత గీశాను.

"మళ్ళొకసారి కూడుండ్రి" అన్నది. ఈసారి తనూ నాతోపాటు వేళ్ళు ముడుస్తూ కూడింది. నూటనలభైమూడే వచ్చింది. జేబులోంచి ఫోను తీసి ఆ పుటకు ఫొటో తీసుకున్నది. మొదటిది కదిలిందని రెండవది తీసింది. ఇంతలో అహ్మదుపూరు మీదుగా నాందేడు పోయే బస్సు వచ్చి ఆగింది. సీట్లకోసం అందరం పరుగెత్తాము.